పదునెనిమిదేండ్ల యాటకానిని కొనుట న్యాయమా?

మా విద్యార్థుల తండ్రులలో నొకరు మొన్న మమ్ము కలిసికొని, "మావాడు ఫుట్బాలు ఆటయందు మిక్కిలి నేర్పరియని అందఱును చెప్పుచున్నారు. వానిని చదువు మాన్పించి ఆటకే విడుతునా?" అని యడిగిరి. మేము వెంటనే ఉత్తర మీయలేకపోతిమి. వలదనుట తేలిక, కానిండనుటయు తేలికయే. అయితే దూరదేశమున ఇటీవల జరిగిన యొక బాలుని చరిత్రము మా మనస్సున మెదలుచుండుటచేత, దానిని ఎల్లరకును తెలిపిన పిమ్మట మా యభిప్రాయమును చెప్పుట మేలని తోచినది. ఈ వ్యాసము ఆ తండ్రిగారికి మేము బాకీపడిన యుత్తరము.

ఆ బాలుని పేరు గరాంగ్ కువోల్. అతడు 2004 సెప్టెంబరు 15వ తేదీన ఈజిప్టు దేశమున జన్మించెను. తల్లిదండ్రులు దక్షిణ సూడానువారు. యుద్ధముచేత స్వదేశమును వీడిన యా కుటుంబము, పిల్లవాడు పసివాడై యుండగనే ఆస్ట్రేలియా చేరి, విక్టోరియా రాష్ట్రమునందలి షెపర్టన్ పట్టణమున కాపురమేర్పఱచుకొనెను. షెపర్టన్ మెల్బోర్ను నగరమునకు ఉత్తరముగా సుమారు 180 కిలోమీటర్ల దూరమున గోల్బర్న్ నదీ ప్రాంతమున నున్నది. పండ్లతోటలకును, పాడికిని, పండ్లను డబ్బాలలో నిలువచేయు కర్మాగారములకును పేరొందిన యూరు. నానాదేశములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారికి పని చూపిన యూరు. అచ్చటి గోల్బర్న్ వ్యాలీ సన్స్ అను చిన్న క్లబ్బులో కువోల్ ఆట నేర్చెను. అతని యన్న ఆలూ కూడ ఆటగాడే. 2021లో జర్మనీ దేశపు స్టుట్‌గార్ట్ క్లబ్బునకు వెళ్లెను. అన్న పోయిన దారి తమ్మునికి కంటియెదుట నుండెను.

అన్నవలెనే తమ్ముడును మొదట చేరినది సెంట్రల్ కోస్ట్ మారినర్స్ అను క్లబ్బు. ఇది సిడ్నీకి ఉత్తరమున, సముద్రపు పాయ యొడ్డున, గాస్ఫర్డ్ అను పట్టణమున నున్నది. ఆటస్థలమున ఒకవైపు ప్రేక్షకుల గద్దెలకు బదులు ఖర్జూరపు చెట్లవంటి తాళవృక్షములు వరుసగా నిలిచి, వాని వెనుక నీరు కనబడును. పేద క్లబ్బు. 2015-16 మొదలు 2019-20 వఱకు నైదు సంవత్సరములలో నాలుగుమారులు ఆస్ట్రేలియా లీగునందు కట్టకడపటి స్థానమున నిలిచినది. 2018లో పరుగుపందెముల వీరుడగు ఉసేన్ బోల్టును పరీక్షకై చేర్చుకొని, లోకమంతటి పత్రికలలోను తన పేరు అచ్చువేయించుకొని, కొన్ని వారములకు అతడు ఒప్పందమేమియు లేకయే వెడలిపోగా నవ్వులపాలైనది కూడ ఈ క్లబ్బే. అయినను ఒక్క గుణమునకు దీనిని మెచ్చుకొనవలెను. పేరుగల యాటగాండ్రను కొనుటకు ధనము లేదు గనుక, ఊరూరను తిరిగి పిల్లలను వెదకి, వారిని తీర్చుటయందే శ్రద్ధ వహించినది. లేమి కొన్ని సమయములందు మంచి యుపాధ్యాయుడగును.

2021-22 సంవత్సరపు లీగు ఆటలలో కువోల్ 9 మారులు మైదానమున దిగి 4 గోలులు చేసెను. ఈ తొమ్మిదిటిలో ఒక్కటియు మొదటినుండి ఆడినది కాదు. ఆట ముగియవచ్చునపుడు, ఎదుటి రక్షకుల కాళ్లు బరువెక్కినపుడు, శిక్షకుడు ఇతనిని దింపెడివాడు. అలసినవారి నడుమ అలయని కుఱ్ఱవాడు గాలివలె దూసికొనిపోయెడివాడు. చూచువారికి ఇంతకన్న వేడుక లేదు. అయితే చదువరులు ఒక్క సంగతి గుర్తెఱుగవలెను. ఇరువది నిమిషములు పరుగెత్తుట వేఱు. తొంబది నిమిషములు ఆడుట వేఱు. ఎప్పుడు పరుగెత్తగూడదో, ఎప్పుడు వెనుకకు వచ్చి సహచరునికి తోడ్పడవలెనో, బంతి దొరకని యరగంటలో మనస్సు నెట్లు నిలుపుకొనవలెనో, ఇవి పూర్తి యాట ఆడినవానికేగాని తెలియవు. ఈ రెండవ చదువు కువోల్ ఇంకను మొదలిడలేదు.

2022 మే 25వ తేదీన బార్సిలోనా జట్టు సిడ్నీకి వచ్చి, ఆస్ట్రేలియా లీగునుండి ఏర్చిన జట్టుతో ఆడినది. బార్సిలోనా 3-2 గోలులతో గెలిచెను గాని, చూచినవారు చెప్పుకొనినది గాస్ఫర్డునుండి వచ్చిన పదునేడేండ్ల బాలుని గూర్చియే. అంతటినుండి సంఘటనలు వరదవలె వచ్చినవి. సెప్టెంబరు 15న అతనికి పదునెనిమిదేండ్లు నిండినవి. సెప్టెంబరు 25న న్యూజిలాండు దేశపు ఆక్లండు నగరమున స్వదేశపు జట్టుకై తొలిమారు ఆడెను. అప్పటికి లీగు ఆటలలో ఒక్కటియు మొదటినుండి ఆడనివాడు దేశపు జట్టునకు ఎక్కెనన్నమాట. సెప్టెంబరు 30న ఇంగ్లండు దేశపు న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బు అతనిని కొనినట్లు ప్రకటించెను. పదునైదు దినములలో ఇవి మూడు.

ఆ తేదీలను మఱల చూడుడు. పదునెనిమిదేండ్లు నిండనివానిని ఒక దేశమునుండి మఱియొక దేశపు క్లబ్బునకు మార్చరాదని, కొన్ని మినహాయింపులతో, ప్రపంచ ఫుట్బాలు సంఘమగు ఫీఫా నిబంధన. పిల్లలను వర్తకులనుండి కాపాడుటకై చేసిన నిబంధన యది, మంచిదే. అయితే పుట్టినదినము గడచిన మఱునాడే ఆ కాపుదల యంతయు తొలగిపోవుచున్నది. పదునెనిమిదేండ్లకు ముందురోజు బాలుడు, మఱునాడు సరకు! న్యూకాసిల్ సామాన్యమైన క్లబ్బు కాదు. 2021 అక్టోబరులో సౌదీ అరేబియా రాజ్యనిధికి చెందిన సంస్థ ముఖ్యభాగస్వామియై దానిని కొనినది. అట్టివారి యెదుట గాస్ఫర్డు క్లబ్బు ఏమి బేరమాడగలదు? షెపర్టన్ కుటుంబము ఏమి వలదనగలదు?

అటుపిమ్మట ఖతార్ దేశమున ప్రపంచ కప్పు ఆటలు వచ్చినవి. ఫ్రాన్సు జట్టుతో జరిగిన మొదటి యాటలో కువోల్ దిగి, ప్రపంచ కప్పు ఆటలయందు ఆడిన ఆస్ట్రేలియనులలో అతి పిన్నవాడయ్యెను. ఆస్ట్రేలియా ట్యునీసియాను, డెన్మార్కును ఓడించి రెండవ యంకమునకు చేరగా, డిసెంబరు 3న అర్జెంటీనా యెదుర్కొనెను. మెస్సీ ఒకటి, ఆల్వరెజ్ ఒకటి గోలు చేసిరి. గుడ్విన్ కొట్టిన బంతి అర్జెంటీనావాని దేహమునకు తగిలి లోనికి పోవుటచే ఆస్ట్రేలియాకు ఒక గోలు దక్కినది. ఆట ముగియుటకు క్షణములు మాత్రమే మిగిలియుండగా, బంతి కువోల్ పాదములకడకు వచ్చినది. అతడు తిరిగి, దగ్గఱనుండి కొట్టెను. గోలు కాపరి మార్టినెజ్ చేయి చాచి యాపెను. ఆ చేయి యడ్డుపడకున్న ఆట సమమై మఱియొక యరగంట సాగెడిది. ఆ అర్జెంటీనాయే ఆ కప్పును గెలుచుకొనినది.

మఱునాడు పత్రికలన్నిటిలోను ఒకటే మాట: ఓడినవారు వెడలిపోవలసిన ఘట్టమున ఆడిన పిన్నవయస్కులలో, 1958లో పెలే తరువాత, ఈ కువోలే మొదటివాడు. మాట సత్యమే. అయినను సత్యమైన మాటయు ఒక్కొక్కప్పుడు బాలునికి హాని చేయును. పెలే ఆ 1958లో పదునేడేండ్ల వయస్సున ఆరు గోలులు చేసెను. అందు రెండు కడపటి యాటలో చేసినవి. కువోల్ చేసినది ఒక్క ప్రయత్నము. ఇరువురిని కలుపునది వయస్సు ఒక్కటియే. ఈ పోలికను వ్రాసినవారు మఱచిపోయిన సంగతి మఱియొకటి గలదు, మాకు ముఖ్యముగా తోచునదియు నదియే. పెలే 1956లో తన దేశమునందలి సాంటోస్ క్లబ్బున చేరి 1974 వఱకు అచ్చటనే యుండెను. లోకమంతయు తన పేరు పలుకుచుండగా, ఆ బాలుడు తానెఱిగిన భాష మాటాడు చోట, తానెఱిగిన తిండి తినుచు, వారము వారము పూర్తి యాట ఆడుచుండెను. పోలిక తెచ్చినవారు దీనిని గూడ తెచ్చియుండిన బాగుండెడిది.

కువోల్ సంగతి యెట్లయ్యెను? 2023 జనవరిలో న్యూకాసిల్ చేరవలసినవాడు అచ్చట నిలువక, వెంటనే స్కాట్లండునందలి ఎడింబరో నగరపు హార్ట్స్ క్లబ్బునకు ఎరువుగా పంపబడెను. కొన్ని మాసములకు ఆ క్లబ్బునుండి మఱలి, తరువాతి యేడు నెదర్లాండ్స్ దేశపు వోలెండామ్ క్లబ్బునకు ఎరువు పోయెను. వోలెండామ్ ఆ యేడు ఓటములపాలై 2024లో క్రింది తరగతికి దిగిపోయెను. ఓడుచున్న జట్టులో క్రొత్త కుఱ్ఱవానికి నేర్పువారెవరు? మునుగు పడవలో ఈత నేర్పువారుండరు. ఇట్లు మూడు దేశములు తిరిగిన తరువాత 2025లో న్యూకాసిల్ క్లబ్బును వీడి, చెకియా దేశపు ప్రాగు నగరమునందలి స్పార్టా క్లబ్బున చేరెను. న్యూకాసిల్ పక్షమున పోటీలయందు ఆ క్లబ్బు మొదటి జట్టులో అతడు ఒక్కమారైన ఆడలేదు.

ఎరువు అనుమాట మనవారికి క్రొత్త కాదు. పెండ్లికి పొరుగింటివారి నగను తెచ్చి పెట్టుకొందుము. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు ఊరక యనలేదు. తెచ్చుకొనిన జట్టువారికి ఈ బాలునిపై మమకారముండదు. ఏలయన ఇతడు బాగుపడినచో ఆ మేలు సొంతదారునిది. సొంతదారు క్లబ్బునకును తొందరలేదు. ఏలయన వారికడ ఇట్టివారు పెక్కుమంది. ఇరుపక్షములవారికిని అక్కఱలేనిది ఒక్కటే, ఆ బాలుని పందొమ్మిదవ యేడు. అది అతనికి మఱల రాదు.

ఈ నడుమ గాస్ఫర్డున నేమి జరిగినదో చెప్పకుండ నుండలేము. కువోల్ వెడలిన ఐదు మాసములకు, 2023 జూన్ 3న, ఆ పేద మారినర్స్ క్లబ్బు కడపటి యాటలో మెల్బోర్ను సిటీ జట్టును 6-1 గోలులతో ఓడించి లీగునకు విజేతయయ్యెను. మఱుసటి యేడు లీగు పట్టికలో ప్రథమస్థానమును, విజేతృత్వమును, ఆసియా ఫుట్బాలు సంఘపు కప్పును మూడింటిని గెలిచినది. అతడచ్చటనే యుండిన, ఆ యాటలన్నిటిలో మొదటినుండి ఆడెడివాడేమో, ఆడకుండెడివాడేమో. కనీసము పోటీపడుటకు ఒక స్థానమచ్చట నుండెడిది.

మా వాదమునకు ఎదురు చెప్పువారు గలరు. వారి మాటయు వినవలెను. ఆస్ట్రేలియా లీగు చిన్నది, యూరపునందలి శిక్షణ ఉత్తమము, బావిలోని కప్పవలె ఇంటనే యున్నవాడు గొప్పవాడు కాజాలడని వారందురు. అమ్మగా వచ్చిన ధనముతో చిన్న క్లబ్బు మఱి పదిమంది బాలురను పెంచునందురు. ఇది అబద్ధము కాదు. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు ఆటగాని నమ్మునపుడు, ఆ వెలలో నూటికి ఐదు వంతులు అతనిని పండ్రెండవ యేటినుండి తీర్చిన క్లబ్బులకు పంచవలెననియు ఫీఫా నిబంధన గలదు. షెపర్టన్ వంటి యూళ్ల క్లబ్బులకు అది చిన్న సొమ్ము కాదు. ఇదిగాక, కడుపేదలై వలసవచ్చిన యింటివారికి కుమారుని జీతము ఇంటికప్పు వంటిది. బండెడు నీతులు చెప్పుటకు మనమెవరము?

1995లో జరిగిన సంగతి నొకదానిని జ్ఞప్తికి తెచ్చుకొందము. సిడ్నీనుండి హారీ క్యూయెల్, బ్రెట్ ఎమర్టన్ అను ఇద్దఱు బాలురు ఇంగ్లండునందలి లీడ్స్ క్లబ్బునకు పరీక్షకై వెళ్లిరి. క్యూయెల్ తండ్రి ఇంగ్లండువాడగుటచే అతనికి అచ్చట నిలుచుటకు వీలయ్యెను. ఎమర్టన్ మఱలి రావలసివచ్చెను. క్యూయెల్ లీడ్స్ బాలుర జట్టులో పెరిగి, పదునేడేండ్లకే మొదటి జట్టులో ఆడి, 1997లో యువకుల కప్పును గెలిచి, తరువాత లివర్పూల్ చేరి 2005లో యూరపు కప్పును పొందెను. ఎమర్టన్ సిడ్నీలోనే నాలుగేండ్లు ఆడి, 2000లో నెదర్లాండ్స్ దేశపు ఫెయెనూర్డ్ చేరి 2002లో యూఏఫా కప్పును గెలిచి, పిదప ఇంగ్లండున బ్లాక్బర్న్ పక్షమున ఎనిమిదేండ్లు ఆడెను. 2006 ప్రపంచ కప్పునందు ఇద్దఱును ఒకే జట్టున ఉండిరి. శీఘ్రముగా పోయినవాడు చెడలేదు, ఆలస్యముగా పోయినవాడు వెనుకబడలేదు. ఇద్దఱకును సమానమైన యదృష్టము ఒక్కటే: ఉన్నచోట ఆడుటకు స్థానముండెను.

కాబట్టి వయస్సుపైగాని, యూరపుపైగాని మాకు కోపము లేదు. కొనినవాడు ఆ బాలునికి చోటు చూపునా లేదా యనునదే మా ప్రశ్న. టాంజానియాలో బురుండి శరణార్థుల యింట పుట్టి అడిలైడున పెరిగిన నెస్టరీ ఇరాంకుండా చరిత్రమును ఇట్టిదే. పదునేడేండ్లుండగా 2023 నవంబరులో జర్మనీ దేశపు బయర్న్ మ్యూనిక్ బేరము కుదుర్చుకొని, పదునెనిమిది నిండిన తరువాత 2024 జూలైలో చేర్చుకొనెను. ఆఱు మాసములకే స్విట్జర్లండునకు ఎరువు పంపి, 2025లో ఇంగ్లండునందలి వాట్‌ఫర్డ్ క్లబ్బునకు విడిచెను. ఇద్దఱు బాలురు, రెండు మహాక్లబ్బులు, ఒకే దారి.

మన హైదరాబాదునకును ఆస్ట్రేలియా ఫుట్బాలునకును ఒక పాత సంబంధము గలదు. 1956 డిసెంబరు 1న మెల్బోర్ను ఒలింపిక్కు ఆటలలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించినది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిచేత బడిపంతులు. సికింద్రాబాదు బాలుడగు తులసీదాస్ బలరాం ఇరువది యేండ్ల ప్రాయమున ఆ జట్టుతో వెళ్లెను. ఆ బలరాం మఱుసటి యేడు కలకత్తా చేరి ఈస్టు బెంగాలు క్లబ్బున ఆడెను. ఇల్లు విడుచుట మనవారికిని క్రొత్త కాదు; అయితే కలకత్తా అతనిని ఆడించుటకు పిలిచినది, నిలువయుంచుటకు కాదు.

ఇక మేము కోరునది. 2022 జూలైనుండి ఫీఫా సంఘము ఎరువులకు ఒక హద్దు పెట్టినది. ఒక్కొక్క క్లబ్బు ఒక యేట ఇంతమందినే దేశాంతరమునకు ఎరువీయవలెనని. తొలుత ఎనమండ్రు, పిదప ఏడుగురు, 2024నుండి ఆర్వురు. సంతోషమే. కాని ఇరువదియొక్క యేండ్లును అంతకు లోపును ఉన్నవారిని ఈ లెక్కలో చేర్చనక్కఱలేదని మినహాయించిరి! ఎవనికి కాపుదల యవసరమో వానినే విడిచిరి. ముదురు మ్రానునకు కంచె గట్టి మొలకను మేకలకు విడిచినట్లున్నది. ఈ మినహాయింపును తొలగింపవలెను. అంతేగాక, పదునెనిమిది మొదలు ఇరువదియొకటి వఱకు గల బాలుని కొను క్లబ్బు, మొదటి యేట అతనిని పూర్వపు క్లబ్బుననే యుంచి యాడించు పద్ధతి నవలంబింపవలెను. న్యూకాసిల్ వారు అట్లు చేసియుండిన, 2023 జూన్ మాసమున కువోల్ ఎచ్చట నుండెడివాడో చదువరులే యూహింపగలరు.

కువోల్ చెడిపోయెనని మేము చెప్పుట లేదు. ఇరువదియొక్క యేండ్లవానిని గూర్చి అట్లు వ్రాయువారు పత్రికలలో నుండవచ్చును. మా లేఖిని దానికి సాగదు. 2023 మార్చి 24న సిడ్నీలో ఈక్వడారుపై ఆస్ట్రేలియా 3-1 గోలులతో గెలిచినపుడు మూడవ గోలు కువోల్ చేసినదే. ఆ దినమున మఱియొక గోలు చేసిన యావర్ మాబిల్ కెన్యాలోని కాకుమా శరణార్థి శిబిరమున పుట్టినవాడు. ఒక్క యాటలో రెండు గోలులు నిలువనీడలేక వచ్చిన కుటుంబముల పిల్లలవి.

ఇంక ఆ తండ్రిగారికి. మీ కుమారుని ఆట మానిపింపవలదు, చదువును మానిపింపవలదు. పరీక్షలు ముగిసిన పిదప ఎవరైన పెద్ద క్లబ్బువారు మీ యింటికి వచ్చినచో, ఎంత ధనమిత్తురని మొదట అడుగవలదు. మీ జట్టులో మావాని స్థానమున ఇప్పుడెందఱున్నారు, కిందటేడు మీరు తెచ్చిన బాలురెందఱు మీ మైదానమున పూర్తి యాట ఆడిరి, మావాడు ఎవరితో కలిసి భోజనము చేయును, అని యడుగుడు. వారు చెప్పిన యుత్తరమును వ్రాసికొని మాకడకు రండు. సాయంకాలము నాలుగు గంటల తరువాత మేము పాఠశాలలోనే యుందుము.